బాడుగకు పోయిన షేర్లు

2019 నవంబరు 22న తెలుగునాట వేలమందికి తమ గురించి తమకే తెలియని సంగతి ఒకటి తెలిసింది. వాళ్ళు చాలా కాలంగా గొప్ప దాతలట. తమ షేర్లను హైదరాబాదులోని ఒక పెద్ద సంస్థకు వాడుకోమని వదిలేశారట. నోటు రాయించుకోలేదు, సాక్షి సంతకం అడగలేదు, వడ్డీ మాటే ఎత్తలేదు. కర్నూలు, కడప పక్క నూటికి రెండు రూపాయల వడ్డీ దగ్గర పావలా తేడా వస్తే అన్నదమ్ములు పలకరింపులు మానేస్తారు. అలాంటి నేల మీద పుట్టినవాళ్ళు ఇంత ఉదారంగా ఎప్పుడు మారిపోయారో వాళ్ళకే అంతుపట్టలేదు.

ఆ రోజు షేర్ మార్కెట్ నియంత్రణ సంస్థ సెబీ మధ్యంతర ఉత్తర్వు ఇచ్చింది కార్వీ స్టాక్ బ్రోకింగ్ మీద. కార్వీ మనకు పరాయిది కాదు. 1980ల తొలినాళ్ళలో కొందరు చార్టర్డ్ అకౌంటెంట్లు కలిసి మొదలుపెట్టిన సంస్థ. కర్నూలులోనూ కడపలోనూ శాఖలుండేవి. పబ్లిక్ ఇష్యూ దరఖాస్తు కావాలన్నా, డీమ్యాట్ ఖాతా తెరవాలన్నా అందరూ పోయేది అక్కడికే. ఎల్ఐసీ ఏజెంటు తరువాత మధ్యతరగతి ఇంటి వరండాలో కూర్చుని కాఫీ తాగిన రెండో పెట్టుబడి మనిషి బహుశా కార్వీ కుర్రాడే. మనవాడే కదా అన్న ధీమాతో కాగితాలు చదవకుండా సంతకం పెట్టడం మన పద్ధతి. మనవాళ్ళే కదా అన్న ధీమాతో ఆ సంతకాన్ని వాడుకోవడం వాళ్ళ పద్ధతి.

ఇంతకీ షేర్లు అప్పివ్వడం నేరమా? కానే కాదు. చట్టబద్ధంగా, పూచీకత్తుతో, బాడుగ ముందుగా చేతికొచ్చేలా షేర్లు అప్పిచ్చే బజారు ఈ దేశంలో నిక్షేపంగా ఉంది. సెబీ 1997లోనే దానికి నియమాలు రాసింది. బజారు తలుపులు తెరిచింది మాత్రం 2008 ఏప్రిల్ 21న. రాసిన నియమాలు పదకొండేళ్ళు ఊరబెట్టాక గడువు ఎంత పెట్టారయ్యా అంటే ఏడు రోజులు. ఏడు రోజుల బాడుగకు ఎవడూ రాకపోయేసరికి ఆ ఏడాదే ముప్పై రోజులు చేశారు. 2010లో పన్నెండు నెలల దాకా పెంచారు. ఒక్క షేరైనా అప్పివ్వొచ్చు. మ్యూచువల్ ఫండ్లు, బీమా కంపెనీలే కాదు, మైదుకూరులో కిరాణా కొట్టు నడిపేవాడు కూడా ఇవ్వొచ్చు. ఆ సంగతి మైదుకూరు దాకా ఎందుకు రాలేదో తరువాత చూద్దాం. ముందు అది ఎట్లా నడుస్తుందో చూడాలి.

షేర్లను ఎవడైనా ఎందుకు అప్పడుగుతాడు? కట్నంలో పెట్టడానికి కాదు. జనవరిలో ఎమ్మిగనూరు జాతరకు పశువుల సంత కూడుతుంది కదా. మీ కాడెద్దులను ఒకడు నెల రోజులకు బాడుగకు అడిగాడనుకోండి. సేద్యానికని మీరనుకున్నారు. అతను వాటిని నేరుగా సంతకు తోలి లక్షకు అమ్మేశాడు. నెల తిరిగేసరికి వాన మొహం చాటేసి, మేత దొరక్క, ఎద్దుల ధర ఎనభై వేలకు పడింది. అప్పుడతను అదే ఈడు, అదే వన్నె ఉన్న జతను కొని మీ కొట్టంలో కట్టేసి, మిగిలిన ఇరవై వేలు తన జేబులో వేసుకుంటాడు. బాడుగ మీకు ముందే అందింది. ధర పడకుండా లక్షా ఇరవైకి ఎగబాకితే ఏడ్చేది అతనే, మీరు కాదు. మీ జత మీకు రావలసిందే. ఎద్దుల్లోనైతే ఇది మీ ఎద్దు కాదని రంకె విని చెప్పేస్తారు. షేర్లకు రంకె లేదు, మచ్చ లేదు. ఒక కంపెనీ షేరు ఏదైనా ఒకటే.

దీన్నే షార్ట్ సెల్లింగ్ అంటారు. అప్పు తీసుకునేవాడికి వేరే పనులు కూడా ఉండొచ్చు. అమ్మి, చేతిలో సరుకు లేక డెలివరీ ఇవ్వలేకపోయినవాడు అడగొచ్చు. ఫ్యూచర్స్‌లో ధర మామూలు బజారు ధరకంటే తక్కువగా ఉన్నప్పుడు, ఇక్కడ అమ్మి అక్కడ కొనే తెలివైనవాడు అడగొచ్చు. కానీ చాలాసార్లు అడిగేవాడు మీ షేరు ధర పడాలని కోరుకునేవాడే. మీరు దాచుకున్నది పెరగాలని ఇష్టదైవానికి మొక్కుకుంటూ, అది పడితే బాగుపడేవాడికి దాన్నే బాడుగకిస్తారు. మా పక్క పాత కక్షల్లో కూడా ఇంత నాజూకైన ఏర్పాటు లేదు.

మీరూ ఆ అడిగేవాడూ ఒకరి మొహం ఒకరు చూడరు. మధ్యలో ఎక్స్ఛేంజీ వారి క్లియరింగ్ కార్పొరేషన్ ఉంటుంది. మీ షేర్లు మీ డీమ్యాట్ నుంచి దాని దగ్గరికి పోతాయి, అక్కడినుంచి అతనికి పోతాయి. అతను డబ్బో మరొకటో పూచీగా పెట్టాలి, ధర మారేకొద్దీ పెంచుతూ పోవాలి. ఆ పూచీ కార్పొరేషన్ దగ్గరే ఉంటుంది, మీ చేతికి రాదు. గడువుకు అతను ఎగ్గొడితే కార్పొరేషన్ బజారులో కొని మీకిస్తుంది. కొనడానికి దొరక్కపోతే లెక్కకట్టి డబ్బిస్తుంది. డబ్బొచ్చిన పక్షంలో మీరు ఇరవై ఏళ్ళుగా అమ్మకూడదనుకున్న షేరు అమ్ముడైనట్టే అవుతుంది. ఆ సంగతి ఫారంలో ఉంటుంది, మీ మనసులో ఉండదు.

హామీల గురించి మన రెండు జిల్లాలకు ఎవరూ పాఠం చెప్పక్కర్లేదు. షేర్ల పేరుతో ఈ నేలకు తొలి పరిచయమే హామీతో జరిగింది. 1858లో లండన్‌లో పుట్టిన మద్రాస్ ఇరిగేషన్ అండ్ కెనాల్ కంపెనీ మన కర్నూలు–కడప కాలువ తవ్వింది. అందులో షేర్లు కొన్న దొరలకు పది లక్షల పౌండ్ల పెట్టుబడి మీద ఏటా 5 శాతం ముట్టజెప్పే పూచీ సర్కారుది. సుంకేసుల దగ్గర తుంగభద్రలో నీళ్ళున్నా లేకున్నా, రైతులు ఆ నీళ్ళు పెట్టుకున్నా మానుకున్నా, లండన్‌లో వడ్డీ ఠంచనుగా పారింది. కంపెనీ అనుకున్నంత ఆయకట్టు పారలేదు. ఖర్చు మాత్రం అనుకున్నదానికంటే ఎక్కువే పారింది. చివరికి 1882లో సర్కారే కాలువను కొనేసింది. షేరుదారుడికి అంత గట్టి హామీ దొరికిన రోజులు మళ్ళీ రాలేదు. ఎందుకంటే అప్పుడు షేరుదారుడు లండన్‌లో ఉండేవాడు, ఇప్పుడు జమ్మలమడుగులో ఉంటున్నాడు.

సరే, చట్టబద్ధమైన బాడుగ ఎంతొస్తుందో లెక్క వేద్దాం. ఐదు వందల ధర ఉన్న షేర్లు వంద ఉన్నాయనుకుందాం. అంటే యాభై వేల సరుకు. నెలకు షేరుకు రెండు రూపాయల చొప్పున అడిగినవాడు దొరికాడనుకుందాం. రెండు వందలు. అందులో బ్రోకరు ఇరవై శాతం తీసుకుంటాడనుకుంటే నలభై పాయె. ఆ నలభై మీద 18 శాతం జీఎస్టీ ఏడు రూపాయల ఇరవై పైసలు. మిగిలింది నూట యాభై రెండు రూపాయల ఎనభై పైసలు. దీని మీద మీ శ్లాబును బట్టి ఆదాయపన్ను వేరే ఉంది. మా పక్క భాషలో చెప్పాలంటే నూటికి నెలకు ముప్పై పైసల వడ్డీ. ఈ రేటుకు అప్పిచ్చేవాణ్ణి మా ఊళ్ళలో మనిషిగా చూడరు, గుడి కట్టి పూజిస్తారు.

అయినా ఊరికే బీరువాలో పడి ఉన్న సరుకుకు ముప్పై పైసలే వచ్చినా కాదనేదేముంది అంటారు. నిజమే. కాకపోతే అన్ని షేర్లకూ గిరాకీ ఉండదు. బజారు మొత్తం ఎగబడే కొన్ని షేర్లకే అడిగేవాళ్ళుంటారు. తక్కినవాటికి మీరు రేటు పెట్టి కూర్చుంటే పొద్దు గూకేదాకా ఎవడూ పలకడు. దొరికినా, అప్పిచ్చినన్నాళ్ళూ ఓటు హక్కు మీది కాదు. డివిడెండు వస్తే ఆ మొత్తం అప్పు తీసుకున్నవాడి దగ్గర వసూలు చేసి మీకిస్తారు. షేరును ముక్కలు చేస్తే లెక్క ఆ ప్రకారం సర్దుతారు. బోనస్, రైట్స్ లాంటివి వస్తే మామూలుగా ఒప్పందాన్ని గడువుకు ముందే ముగించి షేర్లు వెనక్కి తెస్తారు. మీకే మధ్యలో అవసరం పడితే వెనక్కి అడగొచ్చు, కానీ ఇంకొకడు ఆ షేర్లు అప్పివ్వడానికి ముందుకు రావాలి, ఆ ఖర్చు మీ నెత్తిన. పన్ను చట్టం మాత్రం ఒక దయ చూపింది. ఈ పథకం కింద అప్పివ్వడాన్ని అమ్మకంగా చూడదు, మూలధన లాభం పన్ను వెయ్యదు.

మొత్తమ్మీద ఇది నీరసమైన, నిక్కచ్చి అయిన, నియమాలు పట్టుకుని నడిచే వ్యవహారం. అందువల్లనే దీని గురించి మీకెవరూ చెప్పలేదు. నలభై రూపాయల కమీషను కోసం ఏ బ్రోకరు మీ ఇంటికొచ్చి అరగంట వివరిస్తాడు? ఆ అరగంటలో ఆయన ఆప్షన్లలో మీ చేత పది లావాదేవీలు చేయించగలడు. దేశంలో బోలెడన్ని బ్రోకింగ్ సంస్థలకు ఈ సదుపాయమే లేదు. ఉన్నవి కూడా దాన్ని యాప్‌లో దొరక్కుండా దాచడంలో చూపిన నేర్పు, రాత్రి పదకొండింటికి కొత్త ఐపీఓ వచ్చిందని మోగించే గంటలో చూపవు.

ఇక చట్టబద్ధం కాని బాడుగ కథకు వద్దాం. అది చాలా వేగంగా, సాఫీగా, యజమానికి ఏమాత్రం శ్రమ లేకుండా నడిచింది.

ప్రొద్దుటూరులో ఒక రిటైర్డు హెడ్మాస్టరు ఉన్నాడని ఊహించుకుందాం. పేరెందుకు, మీ వీధిలో కూడా ఒకాయన ఉండే ఉంటాడు. జీపీఎఫ్ డబ్బుతో నాలుగు మంచి కంపెనీల షేర్లు కొన్నాడు. ఖాతా తెరిచిన రోజు బ్రోకరు ఆఫీసు కుర్రాడు ఒక లావుపాటి ఫారం తెచ్చి బల్ల మీద పెట్టాడు.

"సార్, ఈడొకటి, ఈడొకటి, పెన్సిల్తో గుర్తు పెట్టినకాడల్లా పెట్టుకుంటా పోండి సార్."

"ఏమబ్బీ, ఇన్ని సంతకాలు సర్వీసంతా కలిపి పెట్టలేదే నేను. ఇదేంది ఇది, పవర్ ఆఫ్ అటార్నీ అంటాండాదే?"

"అది మామూలుదే సార్, అందరూ పెట్టేదే. మీరు షేరు అమ్మినప్పుడల్లా స్లిప్పు రాసుకోని మా ఆఫీసుకు ఎండలో రాకుండా ఉండేదానికి."

ముప్పై ఐదేళ్ళు పిల్లల చేత ప్రశ్నపత్రం రెండుసార్లు చదివించిన మనిషి, తన వంతుకొచ్చేసరికి పెన్సిల్ గుర్తులు మాత్రం చూసుకున్నాడు. ఎండ మహిమ అది. మే నెలలో కడపలో ఎండ తప్పించుకోవడానికి మనిషి ఆస్తి రాసిమ్మన్నా రాసిస్తాడు.

అలాంటి అధికారపత్రాల అండ చూసుకుని కార్వీలో జరిగిందేమిటో సెబీ ఉత్తర్వులోనే ఉంది. కస్టమర్ల షేర్లు కార్వీ పేరు మీదున్న ఒక డీమ్యాట్ ఖాతాలోకి చేరాయి. ఎక్స్ఛేంజీకి పంపే లెక్కల్లో ఆ ఖాతా ఊసే లేదు. అక్కడి షేర్లను బ్యాంకులకూ ఫైనాన్సు సంస్థలకూ కుదువ పెట్టి అప్పులు తెచ్చారు. సుమారు 95 వేల మంది కస్టమర్లవి, 2,300 కోట్ల రూపాయల విలువైన షేర్లు అలా కుదువకు పోయాయి. 2016 ఏప్రిల్ నుంచి 2019 అక్టోబరు దాకా నికరంగా 1,096 కోట్లు కార్వీ రియల్టీ అనే సోదర సంస్థకు మళ్ళాయని సెబీ లెక్క. అంటే ప్రొద్దుటూరు హెడ్మాస్టరు లాంటి ఎందరో షేర్ల బజారులో పెట్టుబడి పెట్టామనుకుంటూ, తెలియకుండానే రియల్ ఎస్టేటులోకి కూడా దిగారు. ప్లాటు మాత్రం రాలేదు. ఇవి చాలవన్నట్టు సంస్థకు సంబంధమున్న తొమ్మిది ఖాతాల ద్వారా 485 కోట్ల విలువైన షేర్లను అమ్మేసిన సంగతి కూడా అదే ఉత్తర్వులో ఉంది.

చట్టబద్ధమైన బజారులో మీ వంద షేర్లు నెల రోజులు అప్పివ్వడానికి విడిగా ఒప్పందం కావాలి, మీరే ఆర్డరు పెట్టాలి, అవతలివాడు పూచీ కట్టాలి, కార్పొరేషన్ మధ్య నిలవాలి, బాడుగ మీకు చేరాలి. ఇక్కడ అవేవీ అక్కర్లేకపోయాయి. ఏళ్ళ కిందట పెన్సిల్ గుర్తు మీద పెట్టిన ఒక్క సంతకం సరిపోయింది. వ్యాపారం సులభతరం చేయాలని సర్కార్లు సదస్సులు పెడుతుంటాయి. ఇంతకంటే సులభం ఎట్లా చేస్తారో చెప్పమనండి.

హెడ్మాస్టరుకు అనుమానం రాలేదా అంటే, ఎందుకొస్తుంది? బ్రోకరు పంపే స్టేట్‌మెంటులో షేర్లన్నీ ఉన్నట్టే కనబడతాయి. డివిడెండు వేళకు పడుతుంటే ఇక అడిగేదేముంది? డిపాజిటరీ నుంచి వచ్చే స్టేట్‌మెంటు వేరే ఒకటుంది. అది ఈమెయిలుకు వస్తుంది, పాన్ నంబరు కొడితే గాని తెరుచుకోదు. ఆ ఈమెయిలు ఖాతా తెరిచిపెట్టింది బెంగళూరులో ఉన్న కొడుకు. కొడుక్కి దాని పాస్‌వర్డు గుర్తులేదు.

బ్యాంకుల సంగతి ఇంకా ముచ్చటగా ఉంటుంది. మా రైతు పంట రుణానికి పోతే పాసుపుస్తకం, అడంగల్, ఈసీ, పక్క బ్యాంకుల్లో బాకీ లేదన్న కాగితం, ఇద్దరి జామీను, రెండు ఫోటోలు, అన్నీ అయ్యాక మేనేజరు సెలవు. వేల కోట్ల షేర్లు ఒక బ్రోకరు కుదువ పెడుతుంటే, బ్రోకరంటేనే పరాయివాళ్ళ షేర్లు చేతిలో ఉండే మనిషి కదా, ఇవన్నీ నీ సొంతమేనా నాయనా అని గట్టిగా నిలేసి అడిగినవాళ్ళు కనబడలేదు. ఖాతా కార్వీ పేరు మీదుంది, కుదువ పద్ధతి ప్రకారం నమోదైంది, మా తప్పేముంది అన్నది బ్యాంకుల వాదన. హక్కుదారు పేరు వన్ బీలో ఒక అక్షరం తేడా వస్తే మా రైతును నాలుగుసార్లు తిప్పేది కూడా ఈ బ్యాంకులే.

ఇక కాపలాదారుల విషయం. బ్రోకర్లు కస్టమర్ల షేర్లను బ్యాంకుల్లో కుదువ పెట్టకూడదని సెబీ 2019 జూన్ 20న మరోసారి ఖరాఖండిగా సర్క్యులరు ఇచ్చింది. ఆగస్టులో స్టాక్ ఎక్స్ఛేంజీ ఎన్ఎస్ఈ తనిఖీకి వెళ్ళింది. నవంబరులో ఉత్తర్వు వచ్చింది. ఈ ఐదు నెలల చురుకుదనం మెచ్చుకోదగిందే. అంతకు ముందటి మూడేళ్ళలో తనిఖీలు, ఆడిట్లు, అర్ధసంవత్సరపు నివేదికలు అన్నీ వేళకు జరిగాయి కదా, వాటికి ఈ ఖాతా ఎందుకు కనబడలేదో మాత్రం ఏ సర్క్యులరులోనూ లేదు.

ఒక్క మంచి మాట చెప్పాలి, లేకపోతే అన్యాయమవుతుంది. సెబీ ఆదేశం మీద 2019 డిసెంబరు 2న డిపాజిటరీ సంస్థ ఎన్‌ఎస్‌డీఎల్ ఎనభై వేల పైచిలుకు కస్టమర్లకు వాళ్ళ షేర్లను వెనక్కి వేసింది. నిద్ర లేచేసరికి పోయిన షేర్లు ఖాతాలో ఉండడం ఈ దేశంలో తరచు జరిగే పని కాదు. బ్యాంకులు గగ్గోలు పెట్టి అప్పీలు ట్రిబ్యునల్‌కు పోయాయి. 2023 డిసెంబరులో ట్రిబ్యునల్ బ్యాంకుల వైపే మొగ్గింది, వ్యవహారం సుప్రీంకోర్టు మెట్లెక్కింది. కార్వీని ఎన్ఎస్ఈ 2020 నవంబరులో డిఫాల్టరుగా ప్రకటించింది. సంస్థ ఛైర్మన్ సి. పార్థసారథిని 2021 ఆగస్టులో హైదరాబాదు పోలీసులు అరెస్టు చేశారు. 2023 ఏప్రిల్‌లో సెబీ తుది ఉత్తర్వు వచ్చింది. సంస్థా, ఆయనా ఏడేళ్ళపాటు మార్కెట్ వైపు రాకూడదు, ఇద్దరికీ కలిపి 21 కోట్ల జరిమానా.

మా పక్క వడ్డీ లెక్క మోటుదే, అయినా ఒకసారి వేసి చూద్దాం. 2,300 కోట్లు అసలు అనుకుని, మూడున్నరేళ్ళు గడువు అనుకుంటే, 21 కోట్లు నూటికి నెలకు రెండు పైసలు చిల్లర పడుతుంది. అరెస్టులు, కేసులు వేరే, వాటిని కాదనను. కానీ చట్టానికి లోబడి అప్పు తీసుకున్నవాడు మన లెక్కలో నూటికి నలభై పైసలు చెల్లించాడు. ఆ జరిమానా కూడా హెడ్మాస్టరుకు రాదు, సర్కారు ఖజానాకు పోతుంది. బాడుగ ఒకరికి, ఎద్దులు ఇంకొకరివి.

కార్వీ తరువాత తాళాలు బాగానే మార్చారు. 2020 సెప్టెంబరు నుంచి మార్జిను కోసమైనా షేర్లు మీ ఖాతాలోనే ఉంటాయి, కుదువ గుర్తు మాత్రం పడుతుంది, దానికి మీ ఫోనుకు ఓటీపీ రావాలి. 2022లో ఆ పాత సర్వాధికార పత్రం స్థానంలో హద్దులు గీసిన చిన్న పత్రం తెచ్చారు. కొన్న షేర్లు బ్రోకరు చేతులమీదుగా కాకుండా నేరుగా మీ డీమ్యాట్‌లోనే పడేలా 2024లో ఆదేశించారు. ఇప్పుడు పెన్సిల్ గుర్తులు లేవు, ఓటీపీలున్నాయి. "సార్, ఒక నంబరు వచ్చింటాది, చెప్పండి సార్" అని ఫోనొస్తే కళ్ళజోడు వెతుక్కుని మరీ చదివి వినిపించే ఓపిక మనకుంది. తాళం మారినా తాళంచెవి ఇచ్చే చెయ్యి మారలేదు.

ఇదంతా ఇండియాలోనే, మా అబ్బాయి అమెరికాలో ఉన్నాడు, అక్కడ అన్నీ పద్ధతి ప్రకారం జరుగుతాయి అనే నాయనలకు రెండు మాటలు. అక్కడ షేర్లు అప్పివ్వడం యాప్‌లో ఒక మీట. నొక్కితే మీరు రుణదాత. ఇంటరాక్టివ్ బ్రోకర్స్ వచ్చిన బాడుగలో సగం మీకిస్తుంది, సగం తనది. రాబిన్‌హుడ్ లాంటి యాప్‌లలో మీ వాటా ఇంకా పలచన. అప్పిచ్చిన షేర్లకు మామూలు ఖాతాకుండే ఇన్వెస్టర్ రక్షణ వర్తించకపోవచ్చు, అందుకు బదులు డబ్బు పూచీగా పక్కన పెడతారు. డివిడెండు డివిడెండుగా రాదు, దానికి బదులు చెల్లింపుగా వస్తుంది, పన్ను ఎక్కువ పడొచ్చు. ఇవన్నీ అక్కడి బ్రోకర్లు దాచరు, చిన్న అక్షరాల్లో చెబుతారు. చిన్న అక్షరాల మీద నమ్మకం ఉన్న నాగరికత అది.

అక్కడి కాపలా సంస్థ ఫిన్రా 2023లో నాలుగు బ్రోకింగ్ సంస్థల చేత మొత్తం 26 లక్షల డాలర్లు కట్టించింది. ఎందుకో తెలుసా? కస్టమర్ల షేర్లను అప్పిచ్చే పథకంలో వాళ్ళకు వాళ్ళుగా చేర్చేసి, అప్పిచ్చినందుకు వాళ్ళకు పైసా ముట్టనివ్వకుండా, ఏదో ఇస్తున్నట్టు కాగితాల్లో రాసినందుకు. డల్లాస్‌లో ఇంజనీరు కొడుకూ, ప్రొద్దుటూరులో హెడ్మాస్టరు తండ్రీ ఒకే దానం చేసే వీలు కల్పించింది ఈ ప్రపంచం. కాకపోతే అక్కడ కట్టిన దాంట్లో కొంత భాగం కస్టమర్ల చేతికే తిరిగి వెళ్ళింది. అక్కడి వింత ఇంకొకటి. 2021 జనవరిలో గేమ్‌స్టాప్ అనే కంపెనీ షేర్లు, బజారులో చలామణిలో ఉన్నవాటికంటే ఎక్కువ లెక్కలో షార్ట్ అయి కూర్చున్నాయి. అప్పు తీసుకున్న షేరును అమ్మితే, కొన్నవాడి బ్రోకరు దాన్నే మళ్ళీ అప్పిచ్చాడు. ఒక్క షేరుకు ఎందరు యజమానులో తేల్చాలంటే మా రీసర్వే వాళ్ళను పంపాల్సిందే.

ఇన్ని చదివాక మీకొక బుద్ధి పుట్టొచ్చు. దొంగతనంగా పోయేకంటే పద్ధతిగా నేనే ఇస్తే పోలా, ముప్పై పైసలైనా ముప్పై పైసలే అని. మంచి ఆలోచన. కడప ఏడు రోడ్ల కూడలికి దగ్గర్లోనో, కర్నూలు రాజ్‌విహార్ సెంటర్ పక్కనో ఏదో ఒక బ్రోకరు ఆఫీసులోకి వెళ్ళి అడగండి. ఏసీ ఉంటుంది, మంచినీళ్ళిస్తారు.

"అబ్బీ, నా షేర్లు బాడుగకిచ్చే స్కీము ఉందంట కదా, ఎస్ఎల్‌బీ అని. మీ దగ్గర ఉందా?"

కుర్రాడు కంప్యూటరులో వెతుకుతాడు. లోపలి గదిలో ఉన్న మేనేజరును అడిగి వస్తాడు. ఆ మేనేజరు హైదరాబాదుకు ఫోను చేస్తాడు. మీరు రెండో గ్లాసు నీళ్ళు తాగుతారు.

"ఆ ఫెసిలిటీ మన బ్రాంచిలో ఇంకా యాక్టివేట్ కాలేదంట సార్. దాంట్లో ఏమొస్తాది సార్ మీకు, ముప్పై పైసలు." కుర్రాడు కుర్చీ మీ వైపు జరుపుకుంటాడు. ఫ్యూచర్స్, ఆప్షన్స్‌లో దిగిన వ్యక్తుల్లో నూటికి 93 మంది 2021–22 నుంచి 2023–24 దాకా మూడేళ్ళలో నష్టపోయారనీ, మొత్తం 1.8 లక్షల కోట్లు పోగొట్టుకున్నారనీ సెబీ 2024 సెప్టెంబరులో వేసిన లెక్క అతని వెనక గోడ మీద అంటించి ఉంటుంది. "ఒక పని చేస్తా సార్. మీకు ఆప్షన్స్ ఓపెన్ చేస్తా. ఫోనుకు ఒక నంబరు వచ్చింటాది, చెప్పండి సార్."